ఏ పూస విలువ ఆ పూసదే

మన ఇళ్లలో చాలామంది బీరువా అడుగు అరలో తెల్లని మల్మల్ గుడ్డలో చుట్టిన చిన్న మూట ఒకటి ఉంటుంది. దాదీమా మెడలో తెగిన ముత్యాల సరం, జత పోయి ఒంటిగా మిగిలిన చాంద్‌బాలీ, దారం పుచ్చిన నల్లపూసల లచ్ఛా, నాలుగు పగడాలు, తస్బీహ్ నుండి రాలిన అకీక్ గింజలు ఆ మూటలో ఏళ్ల తరబడి ఉండిపోతాయి. అవసరం ముంచుకొచ్చిన రోజున అది సరాఫా దుకాణానికి చేరుతుంది. అక్కడ బంగారం తక్కెడకెక్కుతుంది. పూసలను మాత్రం “వీటికేముందమ్మా” అంటూ పక్కకు నెట్టివేస్తారు. లేదా ఆ మాట కూడా అనకుండా వాటిని సొరుగులో వేసుకుంటారు.

అదే నగరంలో మరో దృశ్యం కూడా కనిపిస్తున్నది. ఇంట్లో కూర్చుని నగలు తయారుచేసి నాలుగు రూపాయలు సంపాదించుకోవాలనుకునే యువతులు పాత పూసల కోసం బజారుకు వెళుతున్నారు. “నిజాం జమానా మాల్, ఆపా” అన్న ఒక్క మాట నమ్మి, మొన్న మొన్న కొలిమి నుండి బయటికి వచ్చిన గాజు గుళికలకు హెచ్చు ధర చెల్లిస్తున్నారు. మొదటి స్త్రీ విలువైన వస్తువును చవకగా పోగొట్టుకున్నది. రెండవ స్త్రీ చవక వస్తువును ప్రియంగా కొన్నది. చేతిలో ఉన్న పూస ఏదో తెలియకపోవడమే ఈ రెండు నష్టాలకూ కారణం. ఆ తెలివిడిని పాఠకుల ముందుంచే ఉద్దేశంతో మేము హైదరాబాద్ పాతబస్తీలో పూసలు, నగల తయారీ సామగ్రి దొరికే వీధులను కాలినడకన తిరిగి చూశాము.

చార్మినార్ చుట్టూ

క్రీ.శ. 1591లో ముహమ్మద్ కులీ కుతుబ్ షా నిర్మించిన చార్మినార్‌కు పడమటి దిక్కున లాడ్ బజార్ ఉన్నది. ఇది ప్రధానంగా లక్క గాజుల వీధి. నిప్పుల మీద లక్కను వేడిచేసి, సాగదీసి, లోహపు వలయానికి పట్టించి, అది మెత్తగా ఉండగానే రంగు రాళ్లను ఒక్కొక్కటిగా చేత్తో అద్దే పనివారు చుట్టుపక్కల గల్లీలలో నేటికీ ఉన్నారు. ఈ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. గాజుల కోసం వచ్చేవారికి సులభంగా కనబడని దుకాణాలు మరికొన్ని ఇక్కడ ఉన్నాయి. రాళ్లు, అద్దాలు, గోటా, జరీ, లేసులు, పూసలు విడిగా తూకానికి అమ్మే చిన్న చిన్న కొట్లవి. నగలు, దుస్తులు తయారుచేసేవారికి అసలు పనికివచ్చేవి ఇవే.

చార్మినార్ నుండి మదీనా వైపు నడిస్తే పత్తర్‌గట్టి వస్తుంది. 1908లో మూసీ వరద నగరాన్ని అతలాకుతలం చేసిన పిమ్మట చేపట్టిన నగరాభివృద్ధి పనులలో భాగంగా రాతి కమానులతో వెలసిన వీధి ఇది. ముత్యాల వ్యాపారానికి ఇదే పేరెన్నిక గన్న చోటు. పెద్ద దుకాణాల మెట్ల పక్కన, అరుగుల మీద కూర్చుని తెగిన సరాలను తిరిగి గుచ్చి ఇచ్చే పట్వాలు కనిపిస్తే అక్కడ కాసేపు నిలబడి చూడండి. మంచి పనివాడు ప్రతి ముత్యానికీ నడుమ పట్టుదారంతో చిన్న ముడి వేస్తాడు. దారం ఎక్కడ తెగినా ఒక్క ముత్యమే జారుతుంది, మిగిలినవి సరంలోనే నిలుస్తాయి. ముత్యాలు ఒకదానితో ఒకటి ఒరుసుకుని అరగకుండా కూడా ఆ ముడి కాపాడుతుంది.

కొత్త సామగ్రి టోకు ధరకు కావాలంటే బేగం బజార్‌కు వెళ్లాలి. తీగ, కొక్కేలు, చిన్న రింగులు, ఇత్తడి గుండ్లు, నైలాన్ దారం, మెడ వెనుక కట్టే డోరీలు అక్కడ కట్టలుగా దొరుకుతాయి. సికింద్రాబాద్‌లోని జనరల్ బజార్ కూడా ఈ అవసరాలకు పేరుపడ్డదే. నిజంగా పాత వస్తువులను వెదకాలనుకునేవారు గురువారం నాడు సాగే జుమేరాత్ బజార్‌కు పోతారు. పాత తాళాలు, గడియారాలు, రాగి పాత్రల కుప్పల మధ్య ఎక్కడో ఒక సీసాలో కలగాపులగంగా పోసిన పూసలు కనబడతాయి. అక్కడ వస్తువుకు చీటీ ఉండదు, అమ్మేవాడికి కూడా దాని పుట్టుక తెలియదు. కొనేవారి కన్ను, ఓపిక, ముందుగా సంపాదించిన తెలివి మాత్రమే అక్కడ అక్కరకు వస్తాయి.

పూస వెనుక ఉన్న ఊరు

హైదరాబాద్‌కు సముద్రం లేదు. అయినా దీన్ని ముత్యాల నగరమంటారు. పర్షియా సింధుశాఖలో గజ ఈతగాళ్లు ఊపిరి బిగబట్టి తీసిన ముత్యాలు బస్రా రేవు పేరుతో ఇక్కడికి చేరేవి. నవాబుల, జాగీర్దారుల ఇళ్లలో వాటికి గిరాకీ ఉండేది. ఆ గిరాకీని ఆశ్రయించి ముత్యాలను వేరుచేసేవారు, రంధ్రాలు తొలిచేవారు, సరాలు గుచ్చేవారు నగరంలో స్థిరపడ్డారు. 1995లో భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు కొన్న నిజాం నగలు 173లో బస్రా ముత్యాల ఏడు పేటల హారం, సత్లడా, కూడా ఉన్నది.

ఆ వ్యాపారం ఎందుకు క్షీణించిందో తెలిస్తే నేడు దుకాణంలో వినే మాటలను తూచుకోగలుగుతాము. 1893లో జపాన్‌లో మికిమోతో అనే వ్యాపారి ఆల్చిప్పలో ముత్యాన్ని మనిషి ప్రయత్నంతో పెంచడంలో సఫలుడయ్యాడు. 1930 దశకం నాటికి పెంపకపు ముత్యాలు ప్రపంచ విపణిని ముంచెత్తాయి. అదే కాలంలో వచ్చిన ఆర్థిక మాంద్యం మిగిలిన గిరాకీని తుడిచివేసింది. సింధుశాఖ పడవలు ఒడ్డుకు చేరాయి, ఈతగాళ్లు చమురు బావుల పనికి మళ్లారు. నేడు మన బజారులో రాశులుగా కనిపించే బియ్యపు గింజ ఆకారపు ముత్యాలు చాలావరకు చైనా మంచినీటి చెరువులలో పెంచినవి. అవి నకిలీవి కావు, ముత్యాలే. అయితే వాటిని బస్రా ముత్యాలని చెప్పి అమ్మడం మాత్రం అబద్ధం.

అకీక్‌కు కూడా ఒక ఊరున్నది. గుజరాత్‌లోని ఖంభాత్ వేల ఏళ్లుగా ఈ రాయిని పూసలుగా మలుస్తున్నది. గని నుండి వచ్చినప్పుడు పసుపు, గోధుమ వర్ణంలో ఉండే రాయిని నిదానంగా వేడి చేస్తారు. అందులోని ఇనుము ఆ వేడికి మారి రాయి ఎర్రనవుతుంది. కనుక ఎర్రని అకీక్ వేడి చేయబడినదైతే అది మోసం కాదు, ఆ కళలోని తరతరాల పద్ధతి. తెల్లని చవక రాయికి రంగు పట్టించి అకీక్ అనడం వేరే సంగతి.

గాజు పూసల విషయంలో మన తెలుగు నేలకు ఒక గొప్ప స్థానమున్నది. తిరుపతికి చేరువలో, ఏర్పేడు మండలంలో పాపానాయుడుపేట అనే గ్రామం ఉంది. కరిగిన గాజును పొడవాటి ఇనుప గొట్టానికి పట్టించి, కొలిమి నుండి సన్నని బోలు గొట్టంగా లాగి, దాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోసి, బూడిదలో కలిపి మళ్లీ వేడిచేసి అంచులు గుండ్రన చేయడం అక్కడి పద్ధతి. పుదుచ్చేరి పక్కనున్న అరికమేడులో సుమారు రెండు వేల ఏళ్ల క్రితం సాగిన పనికి ఇది సజీవ వారసత్వమని పూసల చరిత్రను పరిశోధించినవారు గుర్తించారు. ఆ తరహా చిన్న గాజు పూసలు ఆఫ్రికా తీరం నుండి తూర్పు ఆసియా దాకా తవ్వకాలలో బయటపడ్డాయి. దక్కన్‌లో నిఖా నాడు వధువు మెడలో వేసే లచ్ఛాలోని నల్లని ‘పోత్’ కూడా ఇటువంటి చిన్న గాజు పూసే. నేడు బజారులో దొరికే పోత్‌లో చెక్ దేశపుది, జపాన్‌ది, చైనాది కలిసి ఉంటుంది. పూసల పరిమాణాన్ని అంకెలతో చెబుతారు. అంకె పెరిగే కొద్దీ పూస చిన్నదవుతుందని తెలియక చాలామంది పొరపాటున తప్పు సరుకు కొంటారు. తీగ గేజ్‌కు కూడా ఇదే లెక్క.

చేతితో, కంటితో చేయదగిన పరీక్షలు

దుకాణంలో నిలబడి చేయదగిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. వీటికి ఒక చిన్న భూతద్దం, మంచి వెలుతురు చాలు.

ముత్యాన్ని మరో ముత్యంతో మెల్లగా రాపిడి చేయండి. ముత్యమైతే సన్నని ఇసుక తగిలినట్లు గరుకుగా ఉంటుంది. పైపూత పూసిన గాజైతే నున్నగా జారుతుంది. పిదప రంధ్రం అంచును భూతద్దంతో చూడండి. పూత పూసినదైతే అక్కడ పొరలు లేచి, లోపలి గాజు లేదా ప్లాస్టిక్ కనబడుతుంది. అది సహజంగా పుట్టిన ముత్యమా, పెంచిన ముత్యమా అన్నది మాత్రం కంటితో తేల్చలేము. ఎక్స్‌రే పరీక్ష చేసే రత్న పరీక్షాశాలకు పంపవలసిందే. “చూడగానే బస్రా అని చెబుతాను” అనేవారి మాటకు ధర కట్టకండి.

రాయి చేతికి చల్లగా, బరువుగా తగులుతుంది. గాజు త్వరగా ఒంటి వేడిని పట్టుకుంటుంది. భూతద్దంలో గుండ్రని గాలిబుడగలు కనిపిస్తే అది గాజు. పూస నడుమ సన్నని గీత చుట్టూ తిరిగి ఉంటే అచ్చులో పోసినది. చేత్తో తొలిచిన పాత రాతి పూసలలో రెండు వైపుల నుండి వేసిన రంధ్రాలు మధ్యలో కలుస్తాయి, తరచుగా కాస్త వంకరగా కలుస్తాయి. రంధ్రం అంచు దారం రాపిడికి అరిగి నునుపెక్కి ఉంటుంది. ఒకే సరంలోని పూసలన్నీ అచ్చుగుద్దినట్లు సమానంగా ఉండి, రంధ్రాలు సూటిగా, పదునైన అంచులతో ఉంటే దాని పాతదనాన్ని అనుమానించాలి.

తస్బీహ్‌లకు వాడే కహ్రుబా విషయంలో మోసం అధికం. ఆ పేరుకు పారసీలో గడ్డిపోచను లాగుకునేది అని అర్థం. ఉన్ని గుడ్డతో రుద్దితే అది సన్నని కాగితపు ముక్కలను ఆకర్షిస్తుంది. అయితే కొన్ని ప్లాస్టిక్‌లు కూడా ఆ పని చేస్తాయి. కనుక ఇంటి వద్ద ఇక ఉప్పు కరగదనేంత ఉప్పునీరు చేసి, విడి గింజను అందులో వేయండి. కహ్రుబా తేలుతుంది. దాని పేరుతో అమ్మే బేకలైట్ మునుగుతుంది. పిమ్మట గింజను మంచినీటితో కడిగి ఆరబెట్టాలి. సూదిని కాల్చి గుచ్చడం, ఆమ్లం చుక్క వేయడం వంటి పరీక్షలు చేయకండి. వస్తువు అసలుదైతే దాన్ని మన చేతులతోనే పాడుచేసుకున్నవారమవుతాము.

ఖైబర్ నాటి హారం

ఈ వీధులలో తిరుగుతుండగా మాకు పదే పదే గుర్తుకు వచ్చిన హదీసు ఒకటున్నది. సహీహ్ ముస్లింలో నమోదైన ఈ ఉదంతం ఖైబర్ దినాలకు చెందినది. హజ్రత్ ఫజాలా బిన్ ఉబైద్ (రజి) పన్నెండు దీనార్లకు ఒక హారం కొన్నారు. అందులో బంగారం, పూసలు కలిసి ఉన్నాయి. ఆయన వాటిని విడదీసి చూడగా, ఒక్క బంగారమే పన్నెండు దీనార్లకు మించి ఉన్నదని తేలింది. ఈ సంగతి దైవప్రవక్త (స) సన్నిధిలో విన్నవించినప్పుడు, అటువంటి హారాన్ని విడదీయకుండా అమ్మరాదని ఆయన ఆదేశించారు.

దీనారు కూడా బంగారమే. బంగారాన్ని బంగారంతో మార్చేటప్పుడు రెండు వైపులా తూకం సమానంగా ఉండాలన్నది షరీఅత్ నియమం. పూసల నడుమ ఎంత బంగారమున్నదో తెలియనప్పుడు ఆ సమానత సాధ్యం కాదు. పాత నగ ఇచ్చి కొత్త నగ తీసుకునే నేటి లావాదేవీలలో ఈ నియమం ఎలా వర్తిస్తుందో స్థానిక ముఫ్తీలను అడిగి తెలుసుకోవడం మంచిది. పాతదాన్ని ముందుగా అమ్మి, సొమ్ము చేతికి అందిన తరువాత కొత్తది వేరుగా కొనమని ఉలమా సాధారణంగా సూచిస్తారు.

ఆ హదీసును మరొక్కసారి గమనించండి. అక్కడ లాభపడినది కొన్న వ్యక్తి. అమ్మినవారు తమ వద్ద ఏమున్నదో తెలియక నష్టపోయారు. ఆ తెలియనితనాన్ని ధర్మం బేరంగా అంగీకరించలేదు. పద్నాలుగు వందల ఏళ్ల తరువాత మన బజారులో ఆ తెలియనితనం రోజూ జరుగుతున్న బేరాలకు ఆధారంగా ఉన్నది.

తక్కెడ ముందు, వాటాల ముందు

మన పాత జడావీ నగల నిర్మాణం చూడండి. బంగారు రేకుతో గూడు కట్టి, లోపల లక్క నింపి, రాయి వెనుక మెరుపు కోసం రేకు పరచి, చుట్టూ మెత్తని కుందన్ బంగారంతో బిగిస్తారు. అటువంటి నగ మొత్తం బరువులో లక్క వంతు, రాళ్ల వంతు, బంగారం వంతు వేరువేరు. అమ్మేటప్పుడు లక్క తరుగు తీసివేయడం న్యాయమే. కానీ రాళ్లు, ముత్యాల బరువు కూడా తీసివేసి, తిరిగి వాటిని మనకు ఇవ్వకపోవడం న్యాయం కాదు. కనుక నగను కరిగించడానికి ముందే మొత్తం బరువు, రాళ్ల బరువు, నికర బంగారం బరువు కాగితంపై వేరువేరుగా రాయించుకోవాలి. తీసిన రాళ్లు, ముత్యాలు, పగడాలు లెక్కించి వెనక్కు తీసుకోవాలి. ఒక దుకాణంతో ఆగక రెండు మూడు చోట్ల అడగాలి.

కొత్తగా కొనే బంగారు నగపై ఆరు అక్షరాలు, అంకెల హాల్‌మార్క్ సంకేతం ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుండి అది లేని నగను దుకాణాలు అమ్మరాదు. పాత నగలకు ఆ గుర్తు ఉండదు, కాబట్టి వాటి నాణ్యతను పరీక్షా కేంద్రంలో తేల్చుకోవడమే మార్గం.

జకాత్ లెక్కకు కూడా ఈ విభజన అవసరమే. హనఫీ మతానుసారులు ధరించే బంగారు, వెండి నగలను కూడా జకాత్ లెక్కలో చేరుస్తారు. బంగారానికి నిసాబ్ ఏడున్నర తులాలు, అనగా 87.48 గ్రాములు. వెండికి 612.36 గ్రాములు. సొంత వాడకానికి ఉంచుకున్న ముత్యాలు, రాళ్లు, పూసలపై జకాత్ లేదు. అదే పూసలు అమ్మకానికి నిల్వ ఉంచిన సరుకైతే వాటి విలువ వ్యాపార ఆస్తి లెక్కలోకి వస్తుంది. ఇంట్లో నగలు తయారుచేసి అమ్మే సోదరీమణులు ఈ సంగతిని మరువరాదు.

వారసత్వ విభజన వేళ మరొక ఇబ్బంది తలెత్తుతుంది. తల్లి మరణానంతరం బంగారం గ్రాముల లెక్కన పంచుతారు. “పూసలు ఆడపిల్లలు తీసుకోండి” అని మూట వారి ముందుకు తోస్తారు. ఒక్కొక్కసారి ఆ మూటలో బంగారాన్ని మించిన సరం ఉంటుంది, ఒక్కొక్కసారి గాజు తప్ప ఏమీ ఉండదు. రెండింటిలోనూ ఎవరికో అన్యాయం జరుగుతుంది. ఖుర్ఆన్ నిర్ణయించిన వాటాలు వదలివెళ్లిన సమస్త ఆస్తికీ వర్తిస్తాయి. విలువ కట్టకుండా పంచినది వాటా కాజాలదు.

కొనేవారికి, చేసేవారికి

పాత వస్తువుల బజారులో చట్టం విధించిన హద్దులు కూడా తెలిసి ఉండాలి. ఏనుగు దంతపు పూసలను కొనడం, అమ్మడం వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. అవి ఎంత పాతవని చెప్పినా వాటి జోలికి పోరాదు. నూరేళ్లు దాటిన కళాఖండాలకు 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది. వాటి వ్యాపారానికి లైసెన్సు ఉండాలి, ప్రైవేటు వ్యక్తులు వాటిని విదేశాలకు పంపరాదు. గల్ఫ్‌లోనో, అమెరికాలోనో ఉన్న బంధువులు అడిగారని ప్రాచీనమైన వస్తువును పెట్టెలో పెట్టి పంపే ముందు ఈ సంగతి ఆలోచించండి.

నగలు తయారుచేసి అమ్మే సోదరీమణులకు మా మనవి ఒక్కటే. మీ నగకు పాత పూస కలిస్తే పాతదని, కొత్తదైతే కొత్తదని, గాజైతే గాజని చీటీపై రాసి ఇవ్వండి. ధాన్యపు రాశిలో చేయి పెట్టి అడుగున తడిని గుర్తించిన దైవప్రవక్త (స), ఆ తడిని ప్రజలకు కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని వ్యాపారిని నిలదీశారు. మీ నగలోని తడి కూడా పైనే ఉండాలి. కొత్త పూసకు టీ నీళ్లు పట్టించి ‘పురాతనం’ చేయడం నేడు బజారులో ఒక నేర్పుగా చెలామణి అవుతున్నది. నిజం రాసిన చీటీతో అమ్మే స్త్రీకి మొదట గిరాకీ తక్కువగా ఉండవచ్చు. కానీ ఒకసారి కొన్నవారు మళ్లీ ఆమె వద్దకే వస్తారు, ఆ సంపాదన నిస్సందేహంగా హలాల్ అవుతుంది.

ఇక ఇంట్లో ఉన్న ముత్యాలను కాపాడుకోవడం గురించి రెండు మాటలు. అత్తరు, చెమట, నిమ్మరసం, సిర్కా ముత్యానికి శత్రువులు. అత్తరు రాసుకున్న తరువాతనే ముత్యాలు ధరించాలి. తీసిన వెంటనే మెత్తని గుడ్డతో తుడవాలి. ప్లాస్టిక్ సంచిలో బిగించక మల్మల్ గుడ్డలో ఉంచాలి. దారం వదులైందని తోచగానే పట్వా వద్దకు తీసుకువెళ్లాలి. ఆయన గుచ్చుతున్నంతసేపూ పక్కనే కూర్చుని చూడటం మంచిది. సరం దారం నుండి విడివడి పళ్లెంలోకి జారిన ఆ కాస్త సమయమే ప్రతి పూసనూ వేరుగా చూడటానికి అనువైన సమయం.

ఆ సమయంలోనే ఒక కాగితం తీసుకుని రాయండి. ముత్యాలు ఎన్ని, పగడాలు ఎన్ని, గాజు పూసలు ఎన్ని, బంగారు గుండ్లు ఎన్ని, వాటి బరువు ఎంత, ఎవరు ఎవరికి ఎప్పుడు ఇచ్చినవి, అది మహర్‌లో భాగమా, కానుకా అన్నవి వరుసగా రాసి, తేదీ వేసి, ఇద్దరు పెద్దల సంతకాలు తీసుకుని మూటలోనే ఉంచండి. అమ్మవలసి వచ్చినా, పంచవలసి వచ్చినా, జకాత్ లెక్క కట్టవలసి వచ్చినా మీ కూతురు ఎవరి మాటపైనా ఆధారపడనవసరం లేకుండా ఆ కాగితం ఆమెకు తోడు నిలుస్తుంది.